మొదటి గేమింగ్ కంప్యూటరు: ఏ భాగానికి ఎంత?



ఇంటర్ ముగించి ఇంజనీరింగులో చేరిన కుర్రవాడు ఒక సాయంత్రం తండ్రి దగ్గర కూర్చుంటాడు. "డాడీ, కంప్యూటరు కొందాం. తయారుగా ఉన్నది వద్దు, భాగాలు ఏరి తెచ్చి నేనే బిగించుకుంటాను" అంటాడు. చదువుకు పనికివస్తుంది గదా అని తండ్రి సంతోషిస్తాడు. "ఆటలు కూడా ఆడుకోవచ్చు" అని వాడు చివరి మాట కలపగానే ఆయన ముఖం మారిపోతుంది. ఇద్దరి మధ్య తల్లి నలిగిపోతుంది. చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాల్లో ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి గనుక ఈ మాట మన ఇళ్ళకు కొత్త కాదు.

కంప్యూటరు కొనాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. అయితే కొనదలచుకుంటే, ఆ సొమ్ము చామంతి తోట మీద వచ్చినదో, పాలు పోసి కూడబెట్టినదో, టమాటకు నాలుగు రోజులు ధర పలికినప్పుడు దాచినదో అయి ఉంటుంది. అది ఒక్క మధ్యాహ్నం అంగట్లో వృథా కాకూడదు. డబ్బు పోవడం ఒక నష్టం. "నీ మాట విని పోగొట్టుకున్నాం" అని తండ్రి అనడం, కొడుకు మరెప్పుడూ ఏమీ అడగకపోవడం అంతకన్నా పెద్ద నష్టం. గనుక ఈ నెల భాగాల ఎంపికను గూర్చి తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి చదువుకొనేలా రాస్తున్నాం.

ఆట వేరు, పందెం వేరు

మొదట తల్లిదండ్రుల భయం సంగతి. ఫోనులో రమ్మీ ఆడి, పందేలు కాసి అప్పులపాలైన కుటుంబాల కథలు మనం విన్నాం. అందుచేత "గేమింగ్" అనే మాట వినగానే మనసు అటే పోతుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే చట్టం సవరించి నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా, నైపుణ్యం పేరు చెప్పినా అదృష్టం పేరు చెప్పినా, డబ్బు పందెంగా ఉన్న ఆటలను నిషేధించింది. పందెం లేని ఆటలను, ఈ-స్పోర్ట్స్ పోటీలను ఆ చట్టం వేరుగా చూసింది.

గేమింగ్ కంప్యూటరు అంటే బొమ్మలను వేగంగా గీయగల కంప్యూటరు, అంతే. దాని మీద ఆట ఆడవచ్చు, ఇంజనీరింగు డ్రాయింగు గీయవచ్చు, ప్రోగ్రాములు రాయవచ్చు, పాటల వీడియో కూర్చవచ్చు. యంత్రం మంచిదైతే ఆ పనులన్నిటికీ మంచిదే. ఏ ఆట ఆడుతున్నాడో తెలుసుకొనే పని మాత్రం ఇంటి పెద్దలదే. ఉదాహరణకు జీటీఏ 5 అనే ఆటకు ఐరోపా వయసు ముద్ర 18 ఏళ్ళు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి అది తగదు. ఆ పేర్లను అడిగి రాయించుకోండి. అడగడం వల్ల గౌరవం తగ్గదు.

ముందు కాగితం మీద

గోపురం కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకోవాలన్న సువార్తలోని మాట మనకు తెలిసినదే. ఇక్కడా అంతే. అంగడికి పోకముందు మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి.

మొదటిది, ఏ ఆటలు? వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటివి ఉచితంగా దొరికే ఆటలు. వాటిలో వాలరెంట్ తేలికైనది, చిన్న యంత్రం మీద కూడా నడుస్తుంది. కొత్తగా వచ్చే పెద్ద ఆటలకు బలమైన గ్రాఫిక్స్ కార్డు కావాలి. కోరిక బీజీఎంఐ ఒక్కటే అయితే అది ఫోను ఆట, దాని కొరకు కంప్యూటరు కొనవలసిన పని లేదు.

రెండవది, చేతిలో ఎంత ఉంది? అప్పు చేసి పప్పు కూడు వద్దు. "వడ్డీ లేని వాయిదాలు" అన్న చోట కూడా ప్రాసెసింగు రుసుము ఎంతో చదివి చూడండి. మంచమున్నంత వరకే కాళ్ళు చాపుకోవాలి.

మూడవది, ఇంట్లో ఇప్పటికే ఏమున్నాయి? హెచ్‌డీఎంఐ ఉన్న టీవీ ఉంటే మొదట్లో అదే తెరగా పనికివస్తుంది. కీబోర్డు, మౌసు ఉంటే అవీ చాలు. పాత హార్డ్ డిస్కు ఉంటే ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి వాడుకోవచ్చు. ఇలా మిగిలిన డబ్బు అసలు భాగాలకు పోతుంది.

పేరు గొప్ప, ఊరు దిబ్బ

ఇప్పుడు అందరికన్నా ఎక్కువమంది పడే గుంట సంగతి. "ఐ7 ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల లైట్లు, అన్నీ కలిపి చాలా తక్కువ ధర" అని ఒక సెట్టు కనబడుతుంది. కుర్రవాడికి లైట్లు నచ్చుతాయి, తండ్రికి ధర నచ్చుతుంది. ఇద్దరూ ఒప్పుకుంటారు.

ఆ ఐ7 ఏ తరానిదో అడగండి. అది తరచుగా ఐ7-2600 వంటిది అయి ఉంటుంది. అది 2011లో వచ్చిన ప్రాసెసరు. దానిలో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌లో కూడా నాలుగు కోర్లే, ఎనిమిది థ్రెడ్లే. కాని పదకొండేళ్ళలో ఒక్కొక్క కోరు చేయగల పని ఎంతో పెరిగింది గనుక ఆ చిన్న పేరు గల ఐ3 ముందు పాత ఐ7 నిలవలేదు. పిట్ట కొంచెం, కూత ఘనం.

అంతేకాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇప్పుడు కావలసినది విండోస్ 11. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుండి, ఏఎండీ రైజెన్‌లో 2000 వరుస నుండి మాత్రమే దానికి అధికారిక మద్దతు ఉంది. టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కూడా ఉండాలి. విండోస్ 11 మీద వాలరెంట్ ఆ టీపీఎంను, సెక్యూర్ బూట్‌ను తప్పనిసరిగా అడుగుతుంది. అంటే ఏ ఆట కొరకు కొన్నారో ఆ ఆటే దాని మీద తెరుచుకోదు.

ఆ సెట్టులో ఉండే "4 జీబీ గ్రాఫిక్స్" చాలాసార్లు జీటీ 730 అయి ఉంటుంది. అది 2014 నాటి కార్డు, ఆ రోజుల్లోనే చిన్న కార్డు. 4 జీబీ అన్నది దాని జ్ఞాపకశక్తే గాని బలం కాదు. గోదాము పెద్దదైనంత మాత్రాన ఎడ్లకు బలం రాదు గదా. పైన పటారం, లోన లొటారం.

కాబట్టి ఒక నియమం పెట్టుకోండి: ప్రతి భాగం పూర్తి పేరు, అంకెలతో సహా, చెప్పలేని అంగడిలో కొనవద్దు. "ఐ7" అన్నది పేరు కాదు, ఇంటిపేరు మాత్రమే.

కాడి కుదరాలి

ఆట నడిచేటప్పుడు రెండు భాగాలు కలిసి లాగుతాయి. ఆటలో తరువాత ఏమి జరగాలో ప్రాసెసరు లెక్క కడుతుంది. ఆ లెక్కను గ్రాఫిక్స్ కార్డు బొమ్మగా గీస్తుంది. సెకనుకు 60 బొమ్మలు వస్తే ఆట నునుపుగా సాగుతుంది. వీటిలో ఒకటి బలమైన కోడె, మరొకటి బక్క దూడ అయితే దుక్కి సాగదు. బలమైనది ఊరికే నిలబడుతుంది, దాని మీద పెట్టిన డబ్బూ ఊరికే నిలబడుతుంది.

ప్రాసెసరు: తక్కువ బడ్జెట్‌కు ఐ3-12100ఎఫ్, ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 5600 వంటివి తగిన వరుసలోనివి. పేరు చివరి అక్షరం జాగ్రత్తగా చూడండి. ఇంటెల్‌లో చివర "ఎఫ్" ఉంటే దానిలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా దానిని కొంటే తెర మీద ఏమీ రాదు. ఏఎండీలో 5600జీ లాగా చివర "జీ" ఉంటే దానిలోనే చెప్పుకోదగిన గ్రాఫిక్స్ ఉంటుంది.

ఈ "జీ" రకం మన ఇళ్ళకు ఒక మంచి దారి చూపిస్తుంది. ఒకేసారి అంతా కొనలేనివారు మొదట 5600జీ వంటి ప్రాసెసరుతో యంత్రం కట్టుకోవచ్చు. చదువు సాగుతుంది, వాలరెంట్ వంటి తేలిక ఆటలూ సాగుతాయి. మరుసటి పంట మీదనో, పిల్లవాడు సెలవుల్లో సంపాదించిన డబ్బుతోనో గ్రాఫిక్స్ కార్డు చేర్చవచ్చు. కార్డు చేర్చిన తరువాత ఇది మామూలు 5600 కన్నా కాస్త వెనకబడుతుందన్నది నిజమే. అయినా అప్పు లేకుండా రెండు విడతల్లో ముగిసే పని, అప్పుతో ఒక్క రోజులో ముగిసే పని కన్నా మేలు.

గ్రాఫిక్స్ కార్డు: బడ్జెట్‌లో పెద్ద వాటా దీనిదే. 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 8 జీబీ కార్డు, మామూలు 1080పీ తెర మీద ఆడుకోవడానికి ఎంతోమంది మొదటి యంత్రాలలో నిలిచింది. ఆర్‌టీఎక్స్ 3050 కొనేటప్పుడు మెలకువ కావాలి. 2022లో వచ్చినది 8 జీబీ రకం, 2024లో వచ్చినది 6 జీబీ రకం. పేరు ఒకటే గాని రెండవది బలం తక్కువది. దానికి 70 వాట్లు చాలు, మొదటిదానికి 130 కావాలి. డబ్బా మీద అంకె చూడకుండా డబ్బు ఇవ్వకండి. 2024 డిసెంబరులో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ ఉంది, మంచి కార్డే. కాని అది పాత ప్రాసెసర్లతో సరిగా కుదరదు.

మదర్‌బోర్డు: ఇది అన్నిటినీ కలిపే పలక. ప్రాసెసరు కూర్చొనే గూటిని సాకెట్ అంటారు. ఏఎండీ ప్రాసెసరు ఇంటెల్ గూటిలో పట్టదు. 12, 13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్లు ఒకే రకం గూటిలో కూర్చుంటాయి గనుక ఇవాళ ఐ3 పెట్టినా, బోర్డు తగినదైతే, రేపు అదే బోర్డు మీద పెద్దది పెట్టుకోవచ్చు. 5600 వంటి రైజెన్లది ఏఎం4 గూడు. 2022లో ఏఎం5 వచ్చింది. అది కొత్తది, ఖరీదైనది, ముందుకాలానికి పనికివచ్చేది.

ర్యామ్: ఈనాటి ఆటలకు 16 జీబీ కావాలి. ఒక్క 16 జీబీ కడ్డీ కన్నా రెండు 8 జీబీ కడ్డీలు కలిసి వేగంగా పనిచేస్తాయి. ముఖ్యంగా "జీ" రకం ప్రాసెసరుకు ఈ జోడు చాలా అవసరం. డీడీఆర్4 కడ్డీ డీడీఆర్5 బోర్డులో దిగదు. ఏఎం4 బోర్డుకు డీడీఆర్4, ఏఎం5కు డీడీఆర్5. ఇంటెల్ 12వ తరం బోర్డులు రెండు రకాలుగానూ వస్తాయి గనుక బోర్డు పేరు చివర చూసుకోండి. ఏఐ కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్మే మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారాన్ని వదులుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి పాత వీడియోలో చెప్పిన ధరను నమ్ముకొని అంగడికి వెళ్ళకండి. వెళ్ళే వారంలోనే ధర అడగండి.

ఎస్ఎస్‌డీ: ఒక పెద్ద ఆట ఒక్కటే 100 జీబీ దాటవచ్చు. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీతో మొదలుపెట్టండి. పాత రకం హార్డ్ డిస్కు మీద విండోస్ వేస్తే మంచి ప్రాసెసరు కూడా నత్తలాగే నడుస్తుంది.

ఎస్‌ఎంపీఎస్: అన్ని భాగాలకూ కరెంటు పంచేది ఇదే. అంగట్లో ఎక్కువమంది డబ్బు మిగిల్చే చోటు ఇదే, మిగల్చకూడని చోటూ ఇదే. పేరులేని ఎస్‌ఎంపీఎస్ మీద "450 వాట్లు" అని రాసి ఉన్నంత మాత్రాన అది అంత ఇస్తుందని నమ్మకం లేదు. చెడిపోయినప్పుడు అది తాను ఒక్కటే పోదు, మదర్‌బోర్డునూ గ్రాఫిక్స్ కార్డునూ వెంట తీసుకుపోగలదు. లెక్క చూడండి: ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు, ఐ3-12100ఎఫ్‌కు గరిష్ఠంగా 89 వాట్లు. రెండూ కలిపి 221. మిగతా వాటికి 50 వేసుకుంటే 270 దాటుతుంది. పేరున్న కంపెనీది, "80 ప్లస్" ముద్ర ఉన్నది, 450 నుండి 550 వాట్లది తీసుకుంటే నెమ్మదిగా నిద్రపోవచ్చు. 750 వాట్లది ఈ యంత్రానికి అక్కర లేదు.

క్యాబినెట్: గాలి ఆడితే చాలు. ముందు వైపు అద్దం ఉన్నదాని కన్నా జాలీ ఉన్నది మంచిది. లోపలికి గాలి లాగే ఫ్యాను ఒకటి, బయటికి తోసేది ఒకటి ఉండాలి. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది గనుక లైట్ల మీద పెట్టే డబ్బు ఫ్యాను మీద పెట్టండి.

వంద రూపాయల లెక్క

ధరలు మారుతూ ఉంటాయి గనుక వాటాలుగా చెప్పుకుందాం. గ్రాఫిక్స్ కార్డుతో కూడిన యంత్రానికి, తెర, యూపీఎస్ కాకుండా, ప్రతి వంద రూపాయలలో సుమారుగా ఇలా పంచుకోవచ్చు:

గ్రాఫిక్స్ కార్డు – 36
ప్రాసెసరు – 17
మదర్‌బోర్డు – 13
ర్యామ్ – 13
ఎస్ఎస్‌డీ – 8
ఎస్‌ఎంపీఎస్ – 8
క్యాబినెట్ – 5

ఇది శాసనం కాదు, కొలబద్ద. ర్యామ్ ధర పెరిగిన రోజుల్లో ఆ వాటా పెరుగుతుంది. అప్పుడు గ్రాఫిక్స్ కార్డును ఒక మెట్టు దించండి, లేదా కొన్నాళ్ళు ఆగండి. ఎస్‌ఎంపీఎస్ వాటాను మాత్రం ముట్టుకోకండి. మీ కాగితం మీద క్యాబినెట్ వాటా ఎస్‌ఎంపీఎస్ వాటా కన్నా ఎక్కువ ఉంటే ఎక్కడో కన్ను లైట్ల మీదికి పోయిందని అర్థం.

మన ఊరి కరెంటు

పట్నంలో తీసిన వీడియోలు చెప్పని సంగతి ఇది. బోరు మోటార్లన్నీ ఒకేసారి నడిచినప్పుడు ఇంట్లో బల్బు మసకబారడం మనకు తెలుసు. గాలివానకు తీగలు తగులుకున్నప్పుడు ఓల్టేజీ ఎగిరిపడడమూ తెలుసు. కంప్యూటరుకు ఇవి రెండూ మంచివి కావు.

మొదట ఎర్తింగు చూపించండి. క్యాబినెట్ ఇనుప రేకును తాకినప్పుడు చేతికి జిలజిలమంటే ఎర్తింగు లేదని గుర్తు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల బోర్డులో బలవంతంగా పెట్టకండి. ఈ పని ఖర్చు కంప్యూటరు ఖర్చులో భాగమే అనుకోండి.

తరువాత యూపీఎస్. దాని మీద రాసే అంకె వీఏ, వాట్లు కాదు. ఇళ్ళలో వాడే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే మోస్తుంది, 1100 వీఏది 660 వాట్లు. మనం పైన చూసిన యంత్రం, దానికి తోడు తెర కలిస్తే 300 వాట్లకు చేరుతుంది. గనుక గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారు 1000 వీఏ దగ్గర నుండి చూడాలి. యూపీఎస్ అంటే కరెంటు పోయినప్పుడు ఆట కొనసాగించడానికి కాదు, పని దాచుకొని యంత్రాన్ని సరిగా ఆపడానికి.

ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసేయండి. ఇంటర్నెట్ వైరు కూడా తీయండి, పిడుగు దెబ్బ ఆ వైరు వెంట కూడా రాగలదు.

అంగడికి వెళ్ళినప్పుడు

మన వైపు నుండి కంప్యూటరు భాగాలకు చాలామంది వెళ్ళే చోటు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్. విద్యార్థులు దానిని సీటీసీ అంటారు. చేవెళ్ల, మొయినాబాద్ బస్సు మెహదీపట్నంలో దిగి అక్కడి నుండి సికింద్రాబాద్ వెళ్ళాలి. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు దించినవారు అటునుంచి అటే వెళ్ళవచ్చు.

పూల మార్కెట్‌లో ఒక్క అడితికే ధర అడిగి ఇచ్చివేయం గదా. ఇక్కడా మూడు అంగళ్ళలో కొటేషన్ రాయించుకోండి. ప్రతి భాగం పూర్తి పేరు, ధర, వారంటీ కాలం విడివిడిగా ఉండాలి. జీఎస్టీ కలిపిన ధరో కాదో అడగండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. ఆ తగ్గింపు మీ వారంటీ ధరే. అదే రోజు ఆన్‌లైన్ ధర కూడా ఫోనులో చూసుకోండి.

ప్రాసెసరు మూసిన డబ్బాలో ఉన్నదే తీసుకోండి. డబ్బా లేకుండా విడిగా అమ్మేదానిని ట్రే ప్రాసెసరు అంటారు, దానికి తయారీ కంపెనీ నుండి కొనుగోలుదారుకు నేరుగా వారంటీ ఉండదు. ప్రతి డబ్బా మీది సీరియల్ నెంబరు బిల్లు మీద రాయించండి.

వాడిన గ్రాఫిక్స్ కార్డులు చౌకగా కనబడతాయి. ఎథీరియం అనే డిజిటల్ నాణెం కొరకు రాత్రింబగళ్ళు పనిచేసిన కార్డులు, 2022 సెప్టెంబరులో ఆ విధానం మారాక, పెద్ద సంఖ్యలో పాత సామాను అంగళ్ళకు వచ్చాయి. అన్నీ చెడ్డవి కావు. కాని మీ కళ్ళ ముందు అరగంట ఆట నడిపి చూపించనిదే, మిగిలిన వారంటీ కాగితం లేనిదే కొనకండి. వాడిన ఎస్‌ఎంపీఎస్ అసలే వద్దు.

మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్న ఊళ్ళోనే కాక మీరు నివసించే జిల్లా కమిషన్‌లో కూడా ఫిర్యాదు వేయవచ్చు. దానికి ఆధారం బిల్లే.

బిగించేటప్పుడు

తొందర వద్దు, ఒక పూట కేటాయించండి. కంబళి మీద, తివాచీ మీద కూర్చొని పని చేయకండి. శుభ్రమైన చెక్క బల్ల మంచిది. ముందుగా ఇనుప వస్తువును తాకి ఒంటి మీది స్థిర విద్యుత్తును పోగొట్టుకోండి. ప్రాసెసరు మీద చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. అది సాకెట్ గుర్తుతో కలిస్తే దానంతటదే దిగుతుంది, నొక్కవలసిన పని లేదు. గ్రాఫిక్స్ కార్డు పెట్టాక తెర వైరును ఆ కార్డుకే తగిలించండి. మదర్‌బోర్డుకు తగిలించి "కార్డు పని చేయడం లేదు" అని బెంగపడేవారు ఎందరో. విండోస్‌ను మైక్రోసాఫ్ట్ వారి నుండే దించుకొని వేయండి. దొంగ కాపీల వెంట వైరసులు వస్తాయి, అదీగాక దొంగ సొత్తు దొంగ సొత్తే.

డబ్బాలను, బిల్లును వారంటీ తీరేదాకా అటక మీద దాచండి. రెండు మూడు నెలలకొకసారి మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. వంటింటి పొగ, కారం దంచే చోటు దీనికి దూరంగా ఉండాలి.

ఇంట్లో దాని చోటు

కంప్యూటరును తలుపు వేసుకొనే గదిలో కాక నలుగురూ తిరిగే గదిలో పెట్టండి. ఎన్ని గంటలు ఆట, ఎన్ని గంటలు చదువు అన్నది కొనకముందే మాట్లాడుకోండి. కొన్న తరువాత పెట్టే నియమం శిక్షలా కనబడుతుంది, ముందు పెట్టుకున్నది ఒప్పందంలా ఉంటుంది. చెల్లెలికీ అందులో వంతు ఉండాలి. అది ఇంటి డబ్బు గదా.

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. మీ కాగితంలోని ఒక్కొక్క వరుస ఎందుకు రాశారో అమ్మకు, నాన్నకు అర్థమయ్యేలా చెప్పండి. చెప్పలేకపోయిన వరుసను మీరూ ఇంకా అర్థం చేసుకోలేదన్నమాట, దానిని మళ్ళీ చదవండి. తల్లిదండ్రులకూ ఒక మాట. మోటారుకు ఎన్ని హెచ్‌పీ, పైపు ఎన్ని అంగుళాలు అని లెక్క కట్టగలిగిన మీకు ఈ లెక్క కొత్తది కాదు, పేర్లే కొత్తవి. పిల్లవాడి పక్కన కూర్చొని అడగండి. అడిగిన కొద్దీ లిస్టులో అనవసరమైనవి రాలిపోతాయి, అవసరమైనవి నిలుస్తాయి.